పందుల పెన్‌డ్రైవ్

2024 జనవరి 8, సోమవారం

పనులు పద్నాలుగు. కొళాయి నీళ్లు, అత్తకు వేన్నీళ్లు, ఆమె మోకాళ్లకు నూనె, ఇడ్లీ పిండి, బట్టలు, పప్పు డబ్బాలకు కొత్త చీటీలు, నంద్యాల హాస్టల్లో ఉన్న మా అమ్మాయి అనితకు శనగల పొడి, కరెంటు బిల్లు, చర్చిలో స్త్రీల కూటానికి చాపలు దులపడం, చేనికి పోయి రావడం, మిగతావి రోజువారీవి. అయినవి పన్నెండు. మిగిలినవి రెండు: అటక సర్దడం, దిండు గలీబులు కుట్టడం.

పాత బాకీ ఒకటి కూడా అట్లే ఉంది. నవంబరు ఇరవైన స్టీఫెన్ ఓడ ఎక్కడానికి బయలుదేరినప్పుడు నేను "పోయి రా" అనలేదు. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. ఆయన మాట నాకు వినపడలేదు.

మొగుడి పేరు. నోటితో ఎన్నడూ పిలవని పేరు అది. ఇక్కడ రాస్తే తప్పు లేదు.

అహోబిలం దారిలో మా చేను దగ్గరికి పోయేసరికి నరసింహులు గట్టు మీద నిలబడి నవ్వుతున్నాడు. మా కిందిచేను అతనిది. మొక్కజొన్న కంకులు పాలు పోసుకుంటున్నాయి కాబట్టి అడవి పందులు దిగుతున్నాయి. అందుకే మొన్న శుక్రవారం మైకు పెట్టె బిగించి వచ్చాను. కర్రకు హారన్, కింద బ్యాటరీ, దానికి పెన్‌డ్రైవ్. పొద్దు గూకితే అదే మోగుతుంది, తెల్లారితే అదే ఆగుతుంది.

"ఏందక్కా, పందులకు కూటం పెట్టినావా? మూడు దినాలుగా పాటలే పాటలు. తిన్నంత తిని, పాటలిని, నిమ్మళంగా పోతాండాయి" అన్నాడు.

ఆరు సాళ్లు నేలమట్టం. పెట్టె తెరిచి చూశాను. తెల్ల దారం.

పెన్‌డ్రైవులు రెండూ ఒకటే నలుపు, ఒకటే సైజు. ఎర్ర దారం కట్టింది పందులది, తెల్ల దారం కట్టింది మా స్త్రీల కూటం పాటలది. ఓడలో వినడానికి పాటలది కావాలని స్టీఫెన్ అడిగాడు. తొందరలో ఎర్రది తీసుకుపోయినట్టున్నాడు. మగవాళ్లు దారం రంగు చూస్తారా.

ఎర్రదాంట్లో ఉన్నది పోయిన ఏడు మధ్యాహ్నం పూట ఇదే చేనులో నేను అరిచిన అరుపులు. పదకొండు నిమిషాలు. స్టీలు తట్ట మీద గరిటెతో కొడుతూ. ఫోను పట్టుకుని రికార్డు చేసింది స్టీఫెన్. ఇంట్లో పలకని మాటలు అందులో చాలా ఉన్నాయి. ఓడలో ఇరవై రెండు మంది ఉన్నారు. ఎవరి ఎదుటా పెట్టకుండా ఉంటే చాలు.

జనవరి 9, మంగళవారం

పనులు పదమూడు. అన్నీ అయినవి. అటక కూడా.

సాయంత్రం నాలుగింటికి స్టీఫెన్ ఫోను. మాట వచ్చి వచ్చి పోతోంది. గుజరాత్ రేవులో సిమెంటు మూటలు ఎత్తుకున్నారట, ఆఫ్రికా తూర్పు తీరానికి పోతారట. నాలుగైదు దినాల్లో దొంగలు తిరిగే నీళ్లలోకి పోతామన్నాడు. కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు చెప్పాడు. చిన్న పడవల్లో తుపాకులతో వచ్చి, నిచ్చెనలు వేసి ఓడ ఎక్కి, మనుషులను పట్టుకుపోతారట. కెప్టెన్ ఓడ వెనక వైపు నాలుగు మైకు హారన్లు కట్టించి, దొంగలు కనిపిస్తే పాటలు గట్టిగా పెట్టమన్నాడట. ఆళ్లగడ్డలో పదిహేనేళ్లు పెళ్లిళ్లకూ కూటాలకూ మైకు సెట్టు నడిపినవాడు ఓడలో ఎలక్ట్రీషియన్‌గా ఉంటే ఆ పని ఇంకెవరికి చెప్తారు.

పాటలు పెడితే దొంగలు పారిపోతారా అని అడిగాను.

"పాటకు గాదు. ఓడోళ్లు పండుకోనింటారని వస్తారు వాళ్లు. మేలుకోని ఉండామని తెలిస్తే శానామంది ఎనక్కి తిరుగుతారంట. నీ పందుల లెక్కే."

ఆ తర్వాత గొంతు తగ్గించి, "నీ పాటలు దాచిపెట్టినా. ఇంగా ఇనలే" అన్నాడు.

అది పాటలది కాదు అని నేను చెప్పేలోపు ఫోను తెగిపోయింది. మళ్లీ కలవలేదు. ఏడుసార్లు చేశాను.

జనవరి 12, శుక్రవారం

పనులు పదిహేను. అయినవి పదిహేను. ఫోను లేదు. ఓడ నడిసముద్రంలో ఉంటే ఫోను ఉండదు. ఇది మామూలే. భయం లేదు.

జనవరి 13, శనివారం

పనులు పదహారు. సోమవారం నుంచి రాత్రుళ్లు చేనికి కూలి మనిషిని కాపలా పెట్టాను. మధ్యాహ్నం చేనుకు పోయి కొత్తగా రికార్డు చేశాను. ఈసారి ఫోను పట్టుకోవడానికి ఎవరూ లేరు, గట్టు మీద రాయికి ఆనించాను. తట్ట కొట్టాను. అరిచాను. పోయిన ఏడు అరిచినప్పుడు మధ్యమధ్య నవ్వు వచ్చింది. ఈసారి రాలేదు. పద్దెనిమిది నిమిషాలు అయింది. నిలపాలని గుర్తుకు రాలేదు.

ఊళ్లోకొచ్చి కంప్యూటర్ సెంటర్లో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమంటే అక్కడి అమ్మాయి రెండు నిమిషాలు విని నా ముఖం చూసింది. చూడనీ.

జనవరి 16, మంగళవారం

పనులు పదిహేడు. టీవీలో చెప్పారు, ఆఫ్రికా పక్క సముద్రంలో ఏదో సరుకుల ఓడను దొంగల పడవలు తరిమాయట. ఓడ పేరు చెప్పలేదు. ఎంతమంది ఉన్నారో చెప్పలేదు. ఆ తర్వాత టమాటా ధర చెప్పారు.

పది గంటలకు విశాఖపట్నంలో, స్టీఫెన్‌కు ఓడ పని ఇప్పించిన ఏజెంటు ఆఫీసుకు ఫోను చేశాను. ఎత్తిన అమ్మాయి పేరు అడిగి రాసుకున్నాను. మాకు సమాచారం రాలేదు, వస్తే చెప్తాం అంది. ఎప్పుడు వస్తుందో అడిగాను. తెలియదంది. రేపు పదింటికి చేస్తానన్నాను.

"రోజూ చేయకండి మేడమ్. రోజూ చేస్తే మాత్రం మేమేం చెప్తామండీ?"

"మీరు రోజూ ఆఫీసు తెరుస్తారా లేదా?"

"తెరుస్తామండి."

"అయితే నేను రోజూ చేస్తాను."

జనవరి 17, బుధవారం

పది గంటలకు చేశాను. సమాచారం లేదు. పనులు పద్దెనిమిది.

జనవరి 18, గురువారం

పది గంటలకు చేశాను. సమాచారం లేదు. ఓడ వాళ్ల కుటుంబాలు వాట్సాప్‌లో ఏమీ పెట్టకూడదని చెప్పారు. నాకు పెట్టాలని లేదు. నాకు కావలసింది ఆయన గొంతు. అంతే.

సాయంత్రం నరసింహులు ఇంటికి వచ్చాడు, వెంట ఇద్దరు రైతులు. టీ ఇచ్చాను. తాగలేదు, అంటే కోపంగానే వచ్చారు. నా కొత్త రికార్డుకు పందులు మా చేను వదిలిపెట్టాయట. వదిలిపెట్టి వాళ్ల చేలల్లో పడ్డాయట. నరసింహులుకు అరెకరం పోయింది. మైకు తీసేయమన్నారు.

తియ్యను అన్నాను.

"మా పంట పోయినా పర్వాల్యా నీకు?" అన్నాడు నరసింహులు.

"నా చేనులో దిగిన మూడు దినాలు నువ్వు గట్టు మీద నిలబడి నవ్వినావు. నేను నవ్వడంల్యా. మైకు మాత్రం తియ్యను."

మూలన కూర్చున్న అత్త ఓబులమ్మ, "అది తియ్యదప్పా. దానికి చెవులుండవు, నోరే ఉండేది" అంది. అప్పుడు ముగ్గురూ టీ తాగారు.

పోతూ పోతూ నరసింహులు గడప దగ్గర ఆగి, "బావ ఫోను వచ్చిందా" అని అడిగాడు. రాలేదన్నాను. అతను అడగనే లేదన్నట్టు నేను గ్లాసులు ఎత్తుకున్నాను.

జనవరి 20, శనివారం

పనులు ఇరవై ఒకటి. ఇంత పని ఈ ఇంట్లో లేదు. దిండు గలీబులు ఊడదీసి మళ్లీ కుట్టాను.

సమాచారం లేదు. పదకొండు దినాలు.

అత్తకు మోకాళ్లకు నూనె రాస్తుంటే అంది, "పొయ్యేటోనికి పొయ్యి రా అనల్యా నువ్వు. నేను ఈడ మంచం మీద నుంచి ఇన్నా. మూడు తూర్లు అన్యాడు వాడు, పొయ్యొస్తా పొయ్యొస్తా అని. మిక్సీ నిలపల్యా."

మిక్సీలో వినపడలేదత్తా అన్నాను.

"నాకు ఇనపడింది. నా వయసు డెబ్బై ఎనిమిది" అంది.

ఉన్నది రాయాలి. ఈ పుస్తకంలో కూడా తప్పు రాస్తే ఇంక ఎక్కడ సరిగా రాస్తాను.

ఓడలో తొమ్మిది నెలలకు నన్ను అడగకుండా సంతకం పెట్టి, పెట్టిన తర్వాత చెప్పాడు. నాలుగు దినాలు మాట్లాడలేదు నేను. ఆ పొద్దు జార్‌లో ఉన్నది గుప్పెడు ధనియాలు. అర నిమిషం చాలు. పది నిమిషాలు తిప్పాను. ఆయన వంటింటి తలుపు దగ్గరికి వచ్చి అన్నాడు. వినపడింది. రెండోసారీ వినపడింది. మూడోసారి నా వీపుకు దగ్గరగా నిలబడి అన్నాడు. నేను మిక్సీ స్పీడు పెంచాను. దగ్గరికి రావద్దని. ఆయన రాలేదు. సంచి ఎత్తుకుని బస్టాండుకు పోయాడు.

పెన్‌డ్రైవ్ కూడా ఆయన మార్చి తీసుకుపోలేదు. సంచి సర్దింది నేను. కోపంలో, సొరుగులో చెయ్యి పెట్టి, దొరికింది వేశాను. దారం రంగు చూడలేదు. మిగిలింది చేనులో పెట్టేటప్పుడు కూడా చూడలేదు. పప్పు డబ్బాలకు కూడా చీటీలు అంటించేదాన్ని.

జనవరి 21, ఆదివారం

చర్చిలో మా స్త్రీల కూటం వాళ్లు ఓడ కోసం ప్రార్థన పెడతామన్నారు. పెట్టండి అన్నాను. ఏడవడం మాత్రం వద్దన్నాను. ఒకామె అప్పటికే కొంగు తీసింది. మళ్లీ నడుముకు దోపుకుంది.

జనవరి 23, మంగళవారం

పనులు పంతొమ్మిది. పదింటికి ఆఫీసుకు చేశాను. ఈసారి ఆ అమ్మాయే ముందు "పరంజ్యోతి గారా" అంది. ఓడ నుంచి మామూలు కబురు కూడా ఆలస్యం అవుతోందని చెప్పింది. ఆలస్యం అనే మాట ఇంతకు ముందు చెప్పలేదు. రాసుకున్నాను.

ఫోను పెట్టేసి అటక ఎక్కాను. స్టీఫెన్ మైకు సెట్టు సామాను గోనెల్లో చుట్టి ఉంది. మూడు హారన్లు, మూడు పాత యాంప్లిఫయర్లు. దింపి తుడిచి, ఆటోలో వేసుకుని నరసింహులు చేనికి పోయాను.

నా మైకు నేను తియ్యను, నీది నువ్వు పెట్టుకో అని ఒకటి అతనికిచ్చాను. అడవి తట్టు తిప్పి కట్టమన్నాను. మిగతా రెండు మొన్న అతని వెంట వచ్చిన ఇద్దరికి. నరసింహులు తన గొంతు తానే రికార్డు చేశాడు. ఊళ్లో అంత నోరున్న మనిషి ఫోను ముందు నిలబడేసరికి, "హోయ్... పోండప్పా... పోండి" అన్నాడు. చుట్టాలను సాగనంపినట్టు. అతని భార్యే నవ్వింది.

"అక్కా, నీ గొంతే ఎక్కించు" అన్నాడు చివరికి.

జనవరి 25, గురువారం

నాలుగు చేలల్లో నా గొంతు మోగుతోందట. ఎక్కడా పంది దిగలేదు. ఆఫీసుకు చేశాను. సమాచారం లేదు. పదహారు దినాలు.

రాకపోతే ఏం చేయాలో ఒక కాగితం మీద రాద్దామని కూర్చున్నాను. ఒకటి అని అంకె వేశాను. చించేశాను. అది నా పని కాదు. పనుల్లో రాయను.

జనవరి 27, శనివారం

పనులు రాయలేదు. ఎన్ని చేశానో గుర్తు లేదు.

ఉదయం పదకొండున్నరకు ఫోను. కొత్త నంబరు. స్టీఫెన్. రేవుకు చేరారు. అందరూ బాగున్నారు. ఇరవై రెండు మందీ.

జరిగింది ఆయన చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

పదిహేనో తేదీ, పొద్దున ఎనిమిదింటికి. రెండు పడవలు వెనక నుంచి వచ్చాయి. ఒక పడవలో నిచ్చెన కనిపించింది. కెప్టెన్ ఓడ వేగం పెంచమని, నీళ్ల పైపులు విప్పమని, హారన్లు పెట్టమని ఒకేసారి అరిచాడు. కెప్టెన్ పాటలన్నీ ఫోనులో ఉన్నాయి. యాంప్లిఫయర్‌కు ఫోను తగిలించే వైరు ఉప్పుగాలికి పనికి రాకుండా పోయింది. స్టీఫెన్ చొక్కా జేబులో పెన్‌డ్రైవ్ ఉంది. స్త్రీల కూటం పాటలైనా సరే, శబ్దమే కదా అని పెట్టాడు. నిండా తిప్పాడు.

"మొదట తట్ట మోగింది. నాకు అర్థం గాలే. తర్వాత నువ్వు."

సముద్రం మీద. నాలుగు హారన్లలో. యాడికొస్తాండావ్ రా, కాళ్లిరగ్గొడ్తా, నా చేనులో అడుగు పెట్టి చూడు అని. ఆ తర్వాతివి ఇక్కడ రాయను.

కెప్టెన్ కేరళ మనిషి. అది ఏ భాష, ఆమె ఏమంటోంది అని అడిగాడట. స్టీఫెన్ చెప్పాడట, మా పక్క యుద్ధానికి పోయేటప్పుడు పాడతారని. మిగతా వాళ్లు కూడా గిన్నెలు తెచ్చి ఇనప కమ్మీల మీద కొట్టడం మొదలుపెట్టారట. పదకొండు నిమిషాలది నాలుగుసార్లు మోగింది. పడవలు ముప్పావు గంట వెంట వచ్చి, ఆగి, తిరిగిపోయాయి. ఆ తర్వాత భద్రత కోసం బయటికి ఫోన్లు, కబుర్లు అన్నీ ఆపేశారట. వేరే దారిన చుట్టు తిరిగి వచ్చారట.

నా గొంతుకే పోయారా అని అడిగాను.

"ఏమో. నీళ్ల పైపులకు పోయినారో, ఓడ స్పీడుకు పోయినారో. ఎవురికి తెలుసు."

తెలియదనే రాస్తున్నాను. లెక్క తెలియని చోట తెలియదనే రాయాలి. అయినా మా చేనులో నీళ్ల పైపులు లేవు.

చివర అన్నాడు, "ఆ రికార్డు కొసన ఒక మాట ఉండాది. నువ్వు మర్చిపోయింటావు."

మర్చిపోయాను. పోయిన ఏడు అరుపులు అయిన తర్వాత ఫోను ఆపకముందే ఆయనతో అన్న మాట అది. "చాల్లేయ్యా, ఇంగ ఇంటికి పోదాం పా. సంగటి సల్లారిపోతాంది."

నాలుగుసార్లు విన్నానన్నాడు.

నేను మిక్సీ సంగతి చెప్పాను. వినపడింది, కావాలనే నిలపలేదు అన్నాను. తెలుసు అన్నాడు. ఎట్లా తెలుసు అంటే, "ధనియాల వాసన వచ్చింది. అవి అంతసేపు తిప్పేటివా" అన్నాడు.

జనవరి 28, ఆదివారం

"పోదాం పా" అన్నావు కదా, ఆ మాటతో నీ బాకీ తీరిపోయినట్టే అని అనిత నంద్యాల నుంచి ఫోనులో అంది. తీరలేదు. అది చేనులో, పోయిన ఏడు, సంగటి గురించి అన్న మాట. మనిషి ఎదురుగా నిలబడి అనాల్సింది వేరే. బాకీ బాకీలాగే ఉంది.

పదింటికి ఆఫీసుకు ఫోను చేశాను. ఆదివారం, ఎవరూ ఎత్తలేదు. రేపు చేసి ఆ అమ్మాయికి మా ఆయన మాట్లాడాడని చెప్పాలి. ఆమెకూ ఎవరో ఒకరు చెప్పాలి కదా.

మార్చి 2, శనివారం

పనులు పన్నెండు. కంకులు విరిచారు. మా చేనులో మొత్తం మీద పోయింది ఆ ఆరు సాళ్లే, పాటలు మోగిన మూడు దినాలవి. నరసింహులు మైకు తిరిగి ఇస్తూ వచ్చే ఏడుకూ నీ గొంతు ఉండనీ అన్నాడు. ఉంటుంది అన్నాను.

మార్చి 15, శుక్రవారం

వచ్చాడు. నంద్యాల స్టేషనుకు పోయి తీసుకొచ్చాను. తొమ్మిది నెలలు అన్నవాడిని నాలుగు నెలలకే దింపి పంపారు. ఓడలో అందరికీ సెలవు ఇచ్చారట.

పనులు తొమ్మిది. అయినవి రెండు.

మార్చి 18, సోమవారం

పనులు పదకొండు. స్టీఫెన్‌కు ఎడమ చెవి సరిగా వినపడటం లేదు. మూడు దినాలుగా చూస్తున్నాను. ఎడమ వైపు నుంచి పిలిస్తే కుడి వైపు చూస్తున్నాడు. ఆ ముప్పావు గంట హారన్ల కిందే నిలబడ్డాడట. హారన్ వైరు ఊడిపోతుందేమో అని రెండు చేతులతో పట్టుకుని. చెవి మూసుకోవడానికి ఇంకో చెయ్యి లేదు. ఫోనులో ఇది చెప్పలేదు.

ఆఫీసు వాళ్లు జూన్‌లో ఇంకో ఓడ ఉందంటున్నారట. సంతకం పెట్టావా అని అడిగాను.

"ల్యా. అడుగుదామని చెప్తాండా."

జవాబు ఇంకా ఇవ్వలేదు. ముందు చెవి.

మార్చి 21, గురువారం

పనులు పది. పొద్దున ఏడింటికే ఎనిమిది చేసేశాను, బస్టాండుకు పోవడానికి. స్టీఫెన్ చెవి డాక్టరుకు చూపించుకోవడానికి నంద్యాల పోతున్నాడు. సాయంత్రానికి వస్తాడు. దానికి నువ్వెందుకు వస్తావు అన్నాడు. వస్తాను అన్నాను. అత్త మంచం మీద నుంచి, "రానీలేరా" అంది.

నంద్యాల బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఆయన ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఎడమ చెవి నా వైపు ఉంది. మామూలుగా అన్నాను, పోయి రా అని.

"ఏందీ?" అన్నాడు.

ఇంకోసారి అన్నాను. డ్రైవరు ఇంజను తిప్పాడు. ఆయన చెవికి చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు. ముఖం మీద నవ్వు ఉంది. వినపడిందో లేదో నాకు తెలియదు. మూడోసారి అనమంటున్నాడు.

అప్పుడు చేనులో నిలబడ్డట్టు నిలబడ్డాను.

"పోయి రా!"

బస్టాండంతా తిరిగి చూసింది. పూల అంగడి ఆమె చేతిలో మూర ఆగిపోయింది. కండక్టరు, "నంద్యాలకే గదమ్మా పొయ్యేది, లండనుకు గాదు" అన్నాడు. స్టీఫెన్ కిటికీలోంచి తల బయటపెట్టి, నాకంటే గట్టిగా, "పొయ్యొస్తా" అన్నాడు.

బస్సు పోయింది. ఇంటికొచ్చి మిగిలిన రెండు పనులు చేశాను. ధనియాలు పట్టాను. అర నిమిషం.

నవంబరు ఇరవై నాటి బాకీ: తీరింది.